కత్తి ఒకరిది, కర్ర ఒకరిది

చందమామ ఇంకా వస్తూ ఉంటే 2026 జూలైలో ఎనభయ్యో ఏట అడుగుపెట్టేది. దేశానికి స్వాతంత్ర్యం రావడానికి నెల ముందు, 1947 జూలైలో మద్రాసులో పుట్టిన పత్రిక. ఎనభయ్యో ఏడంటే ఆదివారం అనుబంధాలకు పండగే. వడ్డాది పాపయ్య ముఖచిత్రాల మీద, భుజాన శవమేసుకుని నడిచే విక్రమార్కుడి మీద ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. రాయనీండి. మా డోన్ వైపు నుంచి ఒక ముక్క కావాలంటే నాకు తోచింది వేరు. పత్రిక చేతికి రాగానే ముందు ఏ పేజీ తీసేవాళ్లం? నీతికథలు కాదు, బేతాళుడూ కాదు. సీరియల్. పోయిన నెల కొండ అంచున వేలాడుతున్నవాడు పడ్డాడా, బతికాడా అన్నది తేలితే గానీ అన్నం సయించేది కాదు.

ఇప్పుడు మా ఊళ్లో ఎనిమిదో తరగతి పిల్లాణ్ని నిలబెట్టి అడగండి. ఎవెంజర్స్ జట్టులో ఎవరెవరున్నారో, థోర్ సుత్తి ఎవరెత్తగలరో గడగడా చెబుతాడు. ఆ జట్టు 1963లో న్యూయార్కులో పుట్టింది. దానికి తొమ్మిదేళ్ల ముందే మనకొక వీరుల జట్టు పుట్టిందనీ, 1954 నుంచి 1980 దాకా పన్నెండు సీరియళ్లుగా నడిచిందనీ చెబితే మాత్రం తాతయ్య కోతలు కోస్తున్నాడని నవ్వుతాడు. తప్పు వాడిది కాదు. మన జట్టుకు పేరు లేదు, దుస్తులు లేవు, రాసినవాడి పేరైతే అచ్చే కాలేదు.

చందమామ సీరియల్ కామిక్కేనా అని సణిగేవాళ్లుంటారు. నోట్లోంచి మాటల బుడగలు రావు, గళ్లు కట్టిన బొమ్మలుండవు. ఒప్పుకుంటాను. కానీ బొమ్మ తీసేస్తే ఆ కథ సగమైపోతుంది. రాక్షసుడికి ఎన్ని కోరలున్నాయో రచయిత చెప్పడు, చిత్రకారుడు చూపిస్తాడు. నాకు ఆ మాత్రం చాలు.

జట్టు వీరుల కథ తెలుగుకు పాతదే. పదమూడో శతాబ్దంలో కేతన దశకుమార చరిత్ర రాసి తిక్కనకు అంకితమిచ్చాడు. మూలం దండి సంస్కృతం. రాజవాహనుడనే రాకుమారుడు, అతనికి తొమ్మండుగురు నేస్తాలు. విడిపోతారు, తలా ఒక దేశం పట్టిపోతారు, మారువేషాలు వేస్తారు, కన్నాలు కూడా వేస్తారు, మళ్లీ ఒకచోట చేరి ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు. ఎవెంజర్స్ రాసిన స్టాన్ లీ చదివి ఉంటే కళ్లకద్దుకునేవాడు. ఆ తర్వాత జక్కన, కొరవి గోపరాజు విక్రమార్కుణ్ని తెలుగు పద్యంలోకి తెచ్చారు. అతని పక్కన ఎప్పుడూ భట్టి. పదహారో శతాబ్దంలో పింగళి సూరన కళాపూర్ణోదయం రాసి నంద్యాల కృష్ణరాజుకు అంకితమిచ్చాడు. సిద్ధుడు, ఆకాశయానం, మారురూపాలు, నరబలి, ఒక మంచి సీరియల్‌కు కావలసినవన్నీ అందులో ఉన్నాయి. డోన్ కర్నూలు జిల్లా నుంచి విడివడి నంద్యాల జిల్లాలో కలిసింది 2022 ఏప్రిల్ 4న కాబట్టి, సూరన గర్వంలో వాటా అడిగే హక్కు మాకు ఆ రోజు నుంచి అధికారికంగా దఖలుపడింది.

తర్వాతి మూడు వందల ఏళ్లనూ ఒక్క వాక్యంలో దాటేయాల్సిందే. తోలుబొమ్మలు ఆడాయి, పాలెగాళ్లు వచ్చారు పోయారు, కరువులు వచ్చాయి గానీ పోలేదు, రాత్రి పూట అరుగుల మీద ఎవరో ఎవరికో మాంత్రికుల కథలు చెబుతూనే ఉన్నారు. మధిర సుబ్బన్న దీక్షితులు అలాంటి కథల్ని కాశీమజిలీ కథలుగా పన్నెండు భాగాల్లో కూర్చిపెట్టారు. పింగళి నాగేంద్రరావు ఆ మజిలీల్లోంచే తీగ లాగి 1951లో పాతాళభైరవి అల్లారు. దర్శకుడు కె.వి. రెడ్డిది తాడిపత్రి. తోటరాముడు కూడా ఒంటరిగా బయల్దేరడు, వెంట అంజిగాడు ఉంటాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

పాతాళభైరవి తీసిన ఇద్దరే చందమామ స్థాపించినవాళ్లు. బి. నాగిరెడ్డి పుట్టింది కడప జిల్లా పొట్టిపాడులో, 1912లో. వాళ్ల ఇంటి వ్యాపారం ఎర్రగడ్డలు బర్మాకు ఎగుమతి చేయడం. చక్రపాణి, అసలు పేరు ఆలూరి వెంకట సుబ్బారావు, తెనాలి మనిషి. వడపళనిలో అచ్చాఫీసు. 1952లో సంపాదక బాధ్యత కొడవటిగంటి కుటుంబరావు చేతికొచ్చింది, ఆయనదీ తెనాలే. అదే ఏడు తెనాలి దగ్గర పెదగాదెలవర్రు నుంచి ఇరవై ఏళ్ల కుర్రాడొకడు వచ్చి చేరాడు, దాసరి సుబ్రహ్మణ్యం. బొమ్మలకు మొదటి సంచిక నుంచీ ఉన్నవాడు రాఘవన్, చిత్ర అన్న సంతకంతో గీసేవాడు. సీమ పెట్టుబడి, తెనాలి కలం, తమిళ కుంచె. మన జట్టు కథను తయారుచేసిన జట్టు ఇది.

తోకచుక్క 1954లో మొదలైంది. కుండలినీ ద్వీపం, సేనాని సమరసేనుడు, ఒంటికంటి ఏకాక్షి, నాలుగు కళ్ల చతుర్నేత్రుడు. ఇద్దరు మాంత్రికులూ ఒకరినొకరు తినేయాలని చూస్తుంటారు, మధ్యలో మామూలు మనుషులు నలుగుతుంటారు. వెంటనే మకరదేవత, తర్వాత ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం. పేర్లు వింటేనే ఒళ్లు జలదరించేలా పెట్టడంలో దాసరిది అందెవేసిన చెయ్యి. 1961లో రాకాసిలోయ మొదలైంది, మూడేళ్లు నడిచింది. కేశవుడు, జయమల్లు, వాళ్ల వెంటపడే బ్రహ్మదండి మాంత్రికుడు. హిందీ చందమామలో అదే భయంకర్ ఘాటీ అయింది; ఇప్పటికీ ఉత్తరాది ముసలాళ్లు ఆ పేరు చెబితే కళ్లు పెద్దవి చేస్తారు. అదే 1961లో అమెరికాలో స్టాన్ లీ, జాక్ కిర్బీ కలిసి ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురి జట్టును తెచ్చారు. అక్కడ వాళ్లకు అంతరిక్ష కిరణాలు సోకి శక్తులొచ్చాయి. మన కేశవుడికి ఏమీ సోకలేదు. తెలివి, తెగువ, పక్కనొక నేస్తం. అంతే.

దాసరి కట్టిన నియమం ఇదేనని నా నమ్మకం. సీరియల్ సీరియల్‌కూ వీరుల పేర్లు మారతాయి, రాజ్యాలు మారతాయి, మాంత్రికుడి తలపాగా మారుతుంది. మారనిది ఒకటే, జంట. ఒకడికి లేనిది ఇంకొకడికి ఉంటుంది. దేవుడు దిగివచ్చి కాపాడే ఘట్టం దాదాపు రాదు. మాంత్రికులు భయంకరులే, కానీ కొంచెం తిక్కమనుషులు. పొగిడితే పడిపోతారు, కోపమొస్తే మంత్రం మరిచిపోతారు. వీరులు వాళ్లను కత్తితో కంటే మాటతోనే ఎక్కువసార్లు గెలుస్తారు. మార్క్సిస్టు కుటుంబరావు సంపాదకత్వంలో భూతప్రేతాల సీరియల్ అంత జోరుగా ఎలా నడిచిందని ఆశ్చర్యపోయేవాళ్లు ఈ కథల్ని సరిగ్గా చదవలేదన్నమాట. భూతాన్ని చూసి భయపడొద్దని చెప్పడానికి భూతాన్ని గీసి చూపించారు.

ఇక నాకు ఇష్టమైన ఘట్టానికొస్తాను. ఇది సీరియల్‌లోది కాదు, సీరియల్‌కు జరిగింది.

చక్రపాణికి ఈ మాంత్రికుల గోల నచ్చేది కాదని అంటారు. ఆయన అభిరుచి వేరు. కుర్రతనంలో క్షయ వస్తే వైద్యానికి మదనపల్లె శానిటోరియంలో ఉన్నారు. అప్పట్లో క్షయకు మందు లేదు. గాలి, తిండి, విశ్రాంతి, అంతే. ఆ పొడిగాలిలో మంచం మీద పడుకుని ఆయన చేసిన పని, అక్కడే ఉన్న ఒక బెంగాలీ ఆయన దగ్గర బెంగాలీ నేర్చుకోవడం. బయటికొచ్చాక శరత్‌చంద్రుణ్ని తెలుగులోకి దించారు. ఒక తరం తెలుగువాళ్లు శరత్ మనవాడే అనుకున్నారంటే అందులో పెద్ద వాటా ఆయనదే. దేవదాసు తాగిన తాగుడుకు, మన ఇళ్లల్లో ఆడవాళ్లు కార్చిన కన్నీళ్లకు మదనపల్లె గాలి కొంత బాధ్యత వహించాలి.

అంతటి బెంగాలీ అభిమాని, చేతిలో లక్షలమంది చదివే పత్రిక పెట్టుకుని, నెల నెలా కోరల రాక్షసుల్ని అచ్చేస్తూ ఎన్నాళ్లు ఊరుకుంటాడు? 1964లో రాకాసిలోయ ముగియగానే తలుపు మూశాడు. పిల్లల అభిరుచి పెంచాలి. మాంత్రికుల జాగాలోకి బంకించంద్ర చటర్జీ దుర్గేశనందిని వచ్చింది. అది అయ్యాక దానికి కొనసాగింపుగా దామోదర ముఖోపాధ్యాయ రాసిన నవాబునందిని.

దుర్గేశనందిని చెడ్డ నవల అని నేననను. 1865లో అచ్చయిన నవల, బంకించంద్రుడు బెంగాలీలో రాసిన మొదటిది. మొగలులు, పఠానులు, జగత్‌సింహుడు, తిలోత్తమ, పాపం ఆయేషా. పెద్దయ్యాక చదివితే ఆయేషా కోసం గుండె పట్టేస్తుంది. కానీ మీరొకసారి 1964 నాటి డోన్ రైల్వే క్వార్టర్స్ పిల్లాడి స్థానంలో నిలబడి చూడండి. మూడేళ్లుగా కేశవుడితో కలిసి లోయలోకి దిగాడు. నెల తిరిగింది. పుస్తకం మద్రాసులో అచ్చయి, బొంబాయి లైనులో, నాగిరెడ్డి పుట్టిన కడప జిల్లా మీదుగానే గుంతకల్లు చేరి, అక్కణ్నుంచి మీటరుగేజి బండిలో ఊరికొచ్చింది. వాడు పత్రికల బండి దగ్గర నిలబడి అడిగాడు.

"అన్నా, చందమామ వచ్చిందా?"

"వచ్చింది గానీ చూసుకోని తీస్కోప్పా. నీ రాక్షసుడు లేడంట ఇందులో."

తెరిస్తే ఏముంది? ఒక రాకుమారుడు గుడిలో ఒక అమ్మాయిని చూసి మనసు పారేసుకుంటున్నాడు. పదేళ్లవాడికి ప్రేమతో ఏం పని? ఈ మాటలు నా ఊహే, కానీ అలాంటి ముఖాలు వేలకు వేలు ఉండే ఉంటాయి. సర్క్యులేషన్ పడిపోయిందని చందమామ ఆఫీసు కథలు తెలిసినవాళ్లు చెప్పుకుంటారు. ఎంత పడిందో లెక్క నా దగ్గర లేదు. ఫలితం మాత్రం అచ్చులో ఉంది. 1966లో దాసరి తిరిగి వచ్చారు. ఆ పేరు చూడండి, పాతాళదుర్గం. రెండేళ్లు పస్తుపెట్టిన పిల్లలకు ఏం వడ్డించాలో తెలిసిన మనిషి పెట్టిన పేరు. ధూమకుడు, సోమకుడు అనే కొత్త జంట బయల్దేరింది. అభిరుచి పెంపకం కార్యక్రమం అటకెక్కింది.

చక్రపాణి గారిని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఓటమిని ఒప్పుకోవడం ఆయనకు తెలుసు. సినిమా ఆడకపోతే ప్రేక్షకుణ్ని తిట్టుకోకుండా ఇంకో సినిమా తీసిన మనిషి. పిల్లలు గెలిచారు, ఆయన సరేనన్నాడు. ఒక పత్రిక యజమాని, అదీ బెంగాలీ సాహిత్యం ఔపోసన పట్టినవాడు, చొక్కా గుండీలు సరిగా పెట్టుకోలేని పాఠకుల తీర్పుకు తలవంచిన సందర్భం తెలుగు పత్రికల చరిత్రలో ఇంకెక్కడైనా ఉందేమో నాకు చెప్పండి.

విచిత్రం ఏమిటంటే ఇలాంటిదే అమెరికాలోనూ జరిగింది. 1963లో మొదలైన ఎక్స్-మెన్ అమ్మకాలు పడిపోయి 1970లో కొత్త కథలు ఆగిపోయాయి. అయిదేళ్లు పాత కథల్నే మళ్లీ మళ్లీ అచ్చేశారు. 1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ కొత్త ముఖాలతో జట్టును లేపి నిలబెట్టాకే ఆ పేరు ప్రపంచానికి తెలిసింది. అక్కడ జట్టును ఆపింది పాఠకులు, లేపింది పాత్రికేయులు. ఇక్కడ ఆపింది పాత్రికేయుడు, లేపింది పాఠకులు. మనదే మంచి కథ.

పాతాళదుర్గం తర్వాత 1968లో శిథిలాలయం. శబరుల కుర్రాడు శిఖిముఖి, రాచబిడ్డ విక్రమకేసరి. అడవి బిడ్డ, కోట బిడ్డ సమానంగా నడిచే కథ. ఎవరు ఎవరికి బంటు అన్న ప్రశ్నే రాదు. ఆ రోజుల్లో ఈ మాట గట్టిగా చెప్పిన పెద్దల నవలలు ఎన్ని ఉన్నాయి?

1970లో రాతిరథం. ఇక్కడ దాసరి ఇంతవరకు నడిచిన దారి కొంచెం మార్చారు. ఖడ్గవర్మ, జీవదత్తుడు. ఒకరి చేతిలో కత్తి, ఒకరి చేతిలో మంత్రదండం. రాతిరథం 1972లో ముగిసింది, పిల్లలు వదల్లేదు. సరేనని అదే ఇద్దరితో యక్షపర్వతం మొదలుపెట్టారు, 1974 దాకా నడిపారు. నాలుగేళ్లు. ఒక తరం పిల్లలు మూడో తరగతిలో మొదలుపెట్టి ఏడో తరగతిలో ముగించారు. పన్నెండు సీరియళ్లలో జంటల్ని తలుచుకోమంటే చాలామంది నోట ముందు వచ్చే పేర్లు ఈ రెండే. ఆటల్లో కూడా అంతే, ఖడ్గవర్మకు పోటీ ఎక్కువ, ఎందుకంటే కత్తికి కట్టెపుల్ల దొరుకుతుంది. జీవదత్తుడు కావాలంటే మాటకారి అయ్యుండాలి.

సీరియల్ పేజీలు జాగ్రత్తగా ఊడదీసి, వరస పెట్టి, దబ్బనంతో కుట్టి, అట్టకు గోధుమపిండి బంక రాసి బైండు చేసుకోవడం మా వైపు ప్రతి ఊళ్లో ఉన్న వ్యసనం. మిగతా పత్రిక బోడిగా మిగిలేది, దాన్ని చెల్లెళ్లకు ఉదారంగా దానం చేసేవాళ్లు. ఇప్పుడు పాత పుస్తకాల వాళ్ల దగ్గర ఆనాటి చందమామలు దొరికినా మధ్యలో సీరియల్ ఉండదు. దొంగలు బయటివాళ్లు కాదు.

ఈ కథలు మా ప్రాంతంలో ఒక రకంగా నాటుకోవడానికి కారణం నేల అని నా అభిప్రాయం. కోస్తా పిల్లాడికి పాతాళదుర్గం అంటే ఊహ. డోన్, బేతంచెర్ల పిల్లాడికి అది పక్కూరు. చుట్టూ సున్నపురాయి కొండలే. నాపరాళ్ల గనులు తవ్విన గుంతలు ఊరి బయటే నోళ్లు తెరుచుకుని ఉంటాయి. బేతంచెర్ల దగ్గర బిల్లసర్గం గుహలున్నాయి; 1844లో న్యూబోల్డ్ దొర, 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ వాటిలో దిగి పూర్వజంతువుల ఎముకల కోసం తవ్వించారు. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా లోపలికి పోతాయి, అడుగున పాతాళగంగ అనే చోటుంది. 2002లో పర్యాటకశాఖ దీపాలు పెట్టి టికెట్టు పెట్టేవరకు అది ఊరివాళ్ల భయాలకే వదిలేసిన చీకటి. యాగంటి గుహ సరేసరి. దాసరి ఈ గుహల్ని చూశారని నేను చెప్పడం లేదు, ఆయన వడపళనిలో బల్ల దగ్గర కూర్చుని రాశారు. కానీ చిత్ర గీసిన గుహద్వారం చూసి ఇది ఫలానా కొండే అని వేలు పెట్టి చూపించగల పాఠకులు ఆయనకు ఇక్కడ ఉన్నారు.

చిత్ర గురించి ఇంకో మాట. రాక్షసుడికి గోళ్లు, మాంత్రికుడికి పుర్రెల దండ అందరూ గీస్తారు. ఆయన రాక్షసులకు ముఖంలో ఒక అమాయకత్వం ఉండేది, తప్పు చేసి పట్టుబడిన బంట్రోతు చూసినట్టు. అందుకే వాళ్లు రాత్రి కలలోకి వచ్చినా గుండె ఆగేది కాదు. 1978లో ఆయన పోయారు. మొదటి సంచిక నుంచి ముప్పై ఏళ్లకు పైగా బొమ్మలు వేశారు.

అమెరికా జట్ల చరిత్రలో ఎప్పటికీ తెగని పంచాయితీ ఒకటుంది. ఏ వీరుణ్ని ఎవరు పుట్టించారు, స్టాన్ లీనా, జాక్ కిర్బీనా? పేర్లు అచ్చయినా గొడవే. మన దగ్గర గొడవ లేదు, ఎందుకంటే పేరే లేదు. చిత్ర సంతకమైనా బొమ్మ మూలలో ఉండేది. దాసరి పేరు సీరియల్ పైన అచ్చుకాలేదు. లక్షల ఇళ్లల్లో, అన్ని భాషల్లో, పాతికేళ్లకు పైగా చదివిన కథల రచయిత ఎవరో చదివినవాళ్లకు తెలియదు. కుటుంబరావే రాశారని కొందరు, నాగిరెడ్డి రాశారని మరికొందరు అనుకుంటూ పెద్దవాళ్లైపోయారు. పద్ధతి అది, అందరికీ వర్తించింది, నిజమే. పద్ధతి అయినంత మాత్రాన న్యాయమైపోదు.

1976లో మాయాసరోవరం, జయశీలుడు, సిద్ధసాధకుడు. చక్రపాణి అప్పటికి లేరు, 1975 సెప్టెంబరులో పోయారు. 1978లో భల్లూకమాంత్రికుడు, కాలీవర్మ. అది 1980లో ముగిసింది. ఆ ఆగస్టులోనే కుటుంబరావు పోయారు. దాసరి ఆ తర్వాత కూడా చందమామలోనే ఉన్నారు, 2006 దాకా. కానీ చందమామలో ఆయన మార్కు సీరియల్ భల్లూకమాంత్రికుడితో సరి.

ఇక్కణ్నుంచి కథ దారి తప్పుతుంది, నేనేం చేయలేను. టీవీ వచ్చింది. 1985లో దూరదర్శన్‌లో విక్రమ్ ఔర్ బేతాళ్ వచ్చినప్పుడు ఆదివారం సాయంత్రం వీధులు ఖాళీ అయ్యాయి. 1994లో నాగిరెడ్డి కొడుకు వెంకటరామరెడ్డి, చందమామ పేరున్న సంస్థ మీదే, సింగీతం శ్రీనివాసరావుతో భైరవద్వీపం తీయించారు. చూసినవాళ్లు ఇది సీరియల్‌లా ఉందే అనుకున్నారు. నాకైతే పదమూడో సీరియల్ తెర మీద చూసినట్టే ఉంది. 1997లో శక్తిమాన్ గిర్రున తిరుగుతూ వచ్చాడు, ఒంటరిగా. 1998లో చందమామే ఆగిపోయింది; ఏడాది దాటాక 1999 చివర్లో మళ్లీ లేచింది. నాగిరెడ్డి 2004లో పోయారు. 2007లో ముంబయికి చెందిన జియోడెసిక్ కంపెనీ పత్రికను కొనేసింది. కంప్యూటర్లు, వెబ్‌సైట్లు, పాత సంచికలన్నీ స్కానింగ్ అని ఆశలు పెట్టారు. కంపెనీయే అప్పుల్లో పడింది. 2013 నాటికి పత్రిక ఆగింది. పద్ధతిగా చివరి సంచిక అని చెప్పి కూడా ఆపలేదు. నెల వచ్చింది, చందమామ రాలేదు, అంతే.

దాసరి చివరి రోజులు విజయవాడలో గడిచాయి. ముసలితనంలో ఆయన్ను వెతుక్కుంటూ అభిమానులు వెళ్లారు, నెరిసిన జుట్టు వాళ్లు, ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్లు. తోకచుక్క రాసిన చెయ్యిని పట్టుకుని చూశారు. ఆయన 2010 జనవరిలో పోయారు. ఆ తర్వాతే పేరు నలుగురికీ తెలిసింది, సీరియళ్లు పుస్తకాలుగా వచ్చాయి. ఖడ్గవర్మ చచ్చినట్టు నటించి మాంత్రికుడు వెళ్లాక లేచే ఘట్టం ఒకటి కావాలని ఉంటుంది ఇలాంటప్పుడు. జీవితం దాసరి రాసినట్టు ఉండదు.

ఇప్పుడు మళ్లీ జట్ల కాలం. హైదరాబాదు సినిమావాళ్లకు సూపర్‌హీరోల లోకాలు కట్టాలని పూనకం వచ్చింది. 2024 సంక్రాంతికి హనుమాన్, ఆ జూన్‌లో కల్కి 2898 ఏడీ, 2025లో మిరాయ్. కల్కిలో అమితాబ్ బచ్చన్ అశ్వత్థామగా లేచి నిలబడితే డోన్ థియేటర్లో ఈలలు మామూలువి కావు. పాత రైల్వే బోర్డు మీద మా ఊరి పేరు ద్రోణాచలం. ద్రోణుడు ఇక్కడ తపస్సు చేశాడని ఊరి కథ. ఆ లెక్కన అశ్వత్థామ మా ఊరి మాస్టారి కొడుకు. ఎనిమిది అడుగులు పెరిగి వేల ఏళ్లు బతికితే బతికాడు గానీ, నా ఫిర్యాదు ఒకటే. ఒంటరిగా తిరుగుతాడు. ఈ కొత్త వీరులందరూ అంతే. లోకాలు కడుతున్నారు గానీ నేస్తాన్ని కట్టడం లేదు. గ్రాఫిక్స్‌కు కోట్లు పోస్తున్నవాళ్లు జీవదత్తుడి లాంటి ఒక మాటకారిని పక్కన పెట్టడానికి ఎందుకు వెనకాడతారో అర్థం కాదు. తోటరాముడి వెంట అంజిగాడు ఉన్నాడని ముందే చెప్పాను. వాడు లేకపోతే పాతాళభైరవి అన్నేళ్లు ఆడేదా?

చివరగా రెండు విన్నపాలు. సినిమావాళ్లకు ఒకటి: ఈ సీరియళ్లలోంచి ఏదైనా తెర మీదికి తెస్తే, హక్కులు ఎవరి దగ్గర కొన్నా, టైటిల్స్‌లో దాసరి సుబ్రహ్మణ్యం, చిత్ర అనే రెండు పేర్లు వేయండి. డెబ్బై ఏళ్ల బాకీ అది. రెండోది పాఠకులకు: కర్నూలు, నంద్యాల, కడప జిల్లాల్లో ఎవరి అటక మీదైనా దబ్బనంతో కుట్టిన సీరియల్ బైండు ఉంటే, పాత పేపర్ల వాడికి తూకానికి వేయకండి. మీ ఊరి శాఖా గ్రంథాలయానికి ఇవ్వండి. ఇచ్చే ముందు చివరి పేజీలు ఉన్నాయో లేదో చూసి ఇవ్వండి, యక్షపర్వతం ముగింపు కోసం వెతుకుతున్నవాళ్లు ఇంకా ఉన్నారు.